తక్కువ చదువు, చిన్న పిల్లలు, చేతిలో డబ్బు లేదు: ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పని వెతుక్కునే పద్ధతి

"పదో తరగతి తప్పాను. పెళ్ళయింది. ఏడాది నిండని బిడ్డ ఉంది. ఏదైనా పని చెప్పండి." బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళ నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం వరుసగా రాస్తే ఉపయోగం అనిపించింది.

ముందు ఒక మాట. మీకు కావాల్సింది ఒక పని కాదు, రెండు. ఒకటి ఈ నెల బియ్యానికి, పాలకి. ఇంకొకటి రెండేళ్ళ తర్వాత వచ్చే జీతానికి. చాలామంది విషయంలో మొదటిది రెండోదాన్ని మింగేస్తోంది. అలా జరగకుండా ఏం చేయాలో చెప్పడానికే ఇదంతా.

## 1. పనికంటే ముందు ఇల్లు రెండు నెలలు నిలబడాలి

ఇంట్లో బియ్యం లేనివాడు బేరం ఆడలేడు. మూడో రోజుకే సర్దార్, అంటే కూలీలని దూరం పనికి తీసుకుపోయే దళారీ, ఇచ్చే అడ్వాన్సు తీసుకుని రైలెక్కేస్తాడు. కాబట్టి మొదటి వారం పని వెతకడంతో పాటు ఈ నాలుగూ చూసుకోండి.

రేషన్ కార్డు. మన సరిహద్దు ఇళ్ళలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇక్కడే ఉంది. కోడలు ఇచ్ఛాపురం నుంచో పాతపట్నం నుంచో వచ్చి ఉంటుంది. ఆమె పేరు ఇంకా ఆంధ్రాలో పుట్టింటి కార్డులోనే ఉంటుంది. అక్కడ తీయించకపోతే ఇక్కడ ఎక్కించరు. బిడ్డ పేరూ ఎక్కదు. పుట్టింటివాళ్ళకి ఫోన్ చేసి సచివాలయంలో పేరు తొలగించమని చెప్పండి. ఆ రుజువుతో ఇక్కడ అత్తింటి కార్డులో చేర్చమని దరఖాస్తు పెట్టండి. బిడ్డకి జనన ధ్రువపత్రం ఉంటే దాంతో కలిపి ఒకేసారి పెట్టొచ్చు.

మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో పనికి వెళ్ళినా ఇదే కార్డు పనికొస్తుంది. మీ వంతు బియ్యం అక్కడ తీసుకుంటే, మిగతాది ఇంటివాళ్ళు ఇక్కడ తీసుకోవచ్చు.

అంగన్‌వాడీ. ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు బిడ్డకీ, గర్భిణికీ, బాలింతకీ ఇంటికి ఇచ్చే ఆహారం ఉంటుంది. ఒడిశాలో ఛతువా (వేయించిన గింజల పిండి) పొట్లాలు ఇస్తారు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అక్కడే వేడి భోజనం. పేరు నమోదు కాకపోతే ఇవేవీ రావు. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త కేంద్రంలో చెప్పుకోవాలి.

సుభద్ర. ఇది ఒడిశా ప్రభుత్వ పథకం. ఒడిశా నివాసి అయిన 21 నుంచి 60 ఏళ్ళ మహిళకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా. రేషన్ కార్డు ఉండాలి, లేదా కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. డబ్బు పడాలంటే ఆమె ఒక్కరి పేరు మీద ఉన్న, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా కావాలి. మగవాళ్ళతో కలిసి ఉన్న జాయింట్ ఖాతాతో దరఖాస్తు పెట్టి, డబ్బు రాలేదని తిరిగేవాళ్ళు చాలామంది.

వారం వారం కట్టే గ్రూపు అప్పులు. పని లేని సమయంలో కొత్త అప్పు వద్దు. ఉన్న అప్పుకి వాయిదా తప్పేలా ఉంటే, తప్పకముందే వెళ్ళి మాట్లాడండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో గ్రూపులో చేరడం మాత్రం అసలు వద్దు. పని దొరికాక కూడా జీతమంతా అక్కడికే పోతుంది.

ఇవికాక ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంటే పంచాయతీలో పని కావాలని కాగితం పెట్టండి. తేదీతో రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకపోతే మీరు అడిగినట్టే లెక్కలోకి రాదు.

## 2. కాగితాలు: ఏ రాష్ట్రంలోనో ముందు తేల్చుకోండి

సరిహద్దులో ఉన్నందుకు మనకి రెండు పని బజార్లు దొరుకుతాయి. కాగితాలు మాత్రం ఒక రాష్ట్రంలోనే ఉండాలి. ఓటు అక్కడ, రేషన్ ఇక్కడ, ఆధార్ ఇంకో చిరునామాలో ఉంటే ఏ పథకమూ పూర్తిగా అందదు. పిల్లలు పెరిగేది ఎక్కడో ఆలోచించి ఆ రాష్ట్రానికి అన్నీ మార్చేసుకోండి.

ఒడిశా అని తేల్చుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, కులం. ఆంధ్రాలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా ఎస్‌ఈబీసీ (అక్కడి వెనకబడిన తరగతుల) జాబితాలో ఉండాలని లేదు. బంధువుల ఆంధ్రా సర్టిఫికెట్ చూసి మనకీ వస్తుందనుకోవద్దు. తహసీల్దారు ఆఫీసులో ఒడిశా జాబితా చూపించమని అడగండి.

రెండు, ఒడియా. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. సాధారణంగా ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు రుజువు కూడా అడుగుతారు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు చాలామంది నోటిఫికేషన్ వచ్చాక ఈ సంగతి తెలిసి బాధపడుతున్నారు. ప్రైవేటు పనికి ఇది అడ్డం కాదు. కానీ గేటు పాసు ఫారం, జీతం చీటీ ఒడియాలో ఉంటే చదవగలగాలి కదా. అక్షరాలు రాకపోతే రోజుకి అరగంట కూర్చుని నేర్చుకోండి. మాట ఎలాగూ వచ్చు కాబట్టి లిపి త్వరగానే పట్టుబడుతుంది.

ఇక పేరు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మనవాళ్ళకి ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒడియావాళ్ళకి వెనక ఉంటుంది. స్కూల్లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే రాస్తారు, ఆధార్‌లో పూర్తిగా పడుతుంది, బ్యాంకులో ముందు వెనకలవుతుంది. "అప్పారావు" ఒకచోట కలిపి, ఇంకోచోట "అప్పా రావు" అని విడిగా ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడానే. పీఎఫ్ (జీతంలో కోసి దాచే భవిష్య నిధి) నంబరు తీసేటప్పుడు, ఇన్సూరెన్సు డబ్బు అడిగేటప్పుడు అదే పెద్ద గోడ అవుతుంది. పుట్టిన తేదీ కూడా అంతే.

సరిచేసుకునే వరుస ఇది: స్కూలు సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, తేదీ ఆధారంగా ముందు ఆధార్ దిద్దించండి. తర్వాత బ్యాంకు. ఆ తర్వాత మిగతావి. ముందు బ్యాంకు మార్చి తర్వాత ఆధార్ మారిస్తే మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాలి.

పనికి బయలుదేరే ముందు సంచిలో ఉండాల్సినవి

- ఆధార్ జెరాక్సులు, ఫోన్ నంబరు ఆధార్‌కి కలిసి ఉండాలి
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జెరాక్సు
- పాసైనా కాకపోయినా చివరి తరగతి స్కూలు సర్టిఫికెట్
- తహసీల్దారు ఇచ్చిన నివాస, ఆదాయ, కుల పత్రాలు. మో సేవా కేంద్రంలో (ఒడిశా ప్రభుత్వ సేవా కేంద్రం) ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టొచ్చు
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు
- ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు కార్డు; 16 నుంచి 59 ఏళ్ళ మధ్య, పీఎఫ్, ఈఎస్ఐ అంటే ఉద్యోగుల వైద్య బీమా లేనివాళ్ళకి, నమోదు ఉచితం)
- ఉంటే డ్రైవింగ్ లైసెన్సు

అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒరిజినల్స్ ఇంట్లో ఉండాలి.

ఇంకొకటి, ఇప్పుడే చేయాల్సింది. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా తీసుకోవచ్చు. ఒక్కోదానికి రెండు లక్షలు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎత్తు మీద, కరెంటు దగ్గర, లారీ మీద పని చేసేవాళ్ళు ఈ 456 రూపాయలు ఖాతాలో ఉంచకుండా పనికి వెళ్ళొద్దు. నామినీ పేరు భార్యది రాయించండి.

## 3. మీకు ఏం వచ్చో రాసుకోండి

ఒక కాగితం మీద రాయండి. ఏ తరగతి దాకా, ఏ ఏ భాషలు, ఏ పని ఎన్నాళ్ళు చేశారు, ఏ పనిముట్టు పట్టగలరు, బండి నడపగలరా, రాత్రి డ్యూటీ చేయగలరా.

భాషలు అందరూ మర్చిపోతారు. తెలుగు, ఒడియా రెండూ ధారాళంగా, హిందీ పనికి సరిపడా వచ్చినవాడు దుకాణానికి, లాడ్జికి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి, ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్‌కి కావాల్సిన మనిషి. బరంపురం బట్టల కొట్లకి ఆంధ్రా నుంచి వచ్చే గిరాకీ తక్కువేం కాదు. అడిగేటప్పుడు చదువు కంటే ముందు ఈ మాట చెప్పండి.

## 4. ఎక్కడ వెతకాలి

ఫ్యాక్టరీల కాంట్రాక్టు పని. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ, కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో, గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ పోర్టు, దాని పక్క పారిశ్రామిక పార్కు, ఛత్రపురం దగ్గర ఇసుక ఖనిజాల ప్లాంటు. చదువు తక్కువున్నవాళ్ళని ఇలాంటి చోట్ల కంపెనీ నేరుగా తీసుకోవడం అరుదు. కాంట్రాక్టర్ల ద్వారా హెల్పర్, ఖలాసీ, రిగ్గర్ (బరువైన యంత్రాలు ఎత్తి దించే పని), లోడింగ్, హౌస్‌కీపింగ్ పనులు దొరుకుతాయి. కాబట్టి మెయిన్ గేటు దగ్గర నిలబడి లాభం లేదు. లోపల పనిచేసే కాంట్రాక్టర్ల పేర్లు కనుక్కుని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాలి. మన వీధిలోనే లోపల పనిచేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళని అడగండి.

తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "ఇది షట్‌డౌన్ పనా, ఏడాది పొడుగునా ఉండేదా?" మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు కొన్ని రోజులకి చాలామందిని తీసుకుంటారు. ఆ రోజుల్లో కూలి బాగుంటుంది, తర్వాత పని ఉండదు. షట్‌డౌన్ పని చెడ్డదని కాదు. దాన్ని నమ్ముకుని ఇల్లు అద్దెకి మారొద్దు.

ఊళ్ళో కట్టడం పని. తొందరగా దొరికేది ఇదే. కాకపోతే ఇటుకలు మోసే దగ్గరే ఆగిపోకూడదు. టైల్స్, ప్లంబింగ్, వైరింగ్, రాడ్ బెండింగ్, పెయింటింగ్‌లో ఏదో ఒక మేస్త్రీ కింద కుదురుకోండి. ఒక మేస్త్రీ దగ్గర మామూలు కూలి, ఇంకో మేస్త్రీ దగ్గర యాభై తక్కువ గాని పని నేర్పిస్తాడు అనుకోండి. ఇంట్లో బియ్యం ఉంటే రెండోవాడి దగ్గరికే వెళ్ళమంటాను.

ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసిన 18 నుంచి 60 ఏళ్ళవాళ్ళు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవచ్చు. జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో అడగండి. రోజులు లెక్క చూపించాలి కాబట్టి మొదటి రోజు నుంచే నోట్‌బుక్‌లో రాసి మేస్త్రీ సంతకం పెట్టించుకోండి.

డ్రైవింగ్. తక్కువ చదువుకి ఇది మంచి దారి. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనని 2019లో ఎత్తేశారు. మామూలు కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పికప్, చిన్న డెలివరీ వ్యాన్ పనికి ఆ లైసెన్సు చాలు. ముందు ఓనర్ బండి నడపండి. అప్పు చేసి సొంత ఆటో కొనడం రెండో ఏడాది సంగతి.

సరిహద్దు దాటి వెళ్ళి వచ్చే పని. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆనుకునే ఉంటుంది, టెక్కలి వైపు గ్రానైట్ పనులున్నాయి. బరంపురం, ఇచ్ఛాపురం నుంచి రైల్లో పలాస వెళ్తే జీడిపప్పు ఫ్యాక్టరీలు. ఆడవాళ్ళకి ఎక్కువ పని అక్కడ ఉంటుంది. జీడి పిక్కల రసం చేతులకి తగిలితే చర్మం కాలుతుంది, గ్లవ్స్ ఇస్తారో లేదో ముందే అడగండి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి రైలు మార్గంలోనే ఉన్నాయి.

ఊళ్ళో కొట్లు, టిఫిన్ సెంటర్లు, గోడౌన్లు, రైస్ మిల్లులు. జయపురం, బరంపురం బజార్లలో ఈ పనికి ప్రకటన ఇవ్వరు. మనిషి వచ్చి అడిగితేనే దొరుకుతుంది.

## 5. అడిగే పద్ధతి

కొట్టుకి రద్దీ లేని సమయంలో వెళ్ళండి. సైటుకి మాత్రం పొద్దున్నే, పని మొదలవ్వకముందే వెళ్ళాలి. కాంట్రాక్టర్ ఆఫీసుకి ఫైలుతో వెళ్ళండి.

"పని ఉందా సార్?" అంటే "లేదు" అని చెప్పడం వాళ్ళకి తేలిక. ఇలా చెప్పండి:

"నమస్తే సార్. మాది గుణుపురం. తొమ్మిది దాకా చదివాను. తెలుగు, ఒడియా బాగా వచ్చు, హిందీ మాట్లాడతాను. ఆరు నెలలు హార్డ్‌వేర్ కొట్టులో చేశాను. సరుకు దించడం, బిల్లు రాయడం వచ్చు. రేపటి నుంచే రాగలను. ఇప్పుడు ఖాళీ లేకపోతే నా నంబరు ఉంచుకోండి, వచ్చే సోమవారం మళ్ళీ వచ్చి కనుక్కుంటాను."

ఒడియా యజమానైతే ఇదే ఒడియాలో చెప్పండి. వయసులో పెద్దవాడైతే "భాయినా" (అన్నా) అని పిలిస్తే ముఖం విప్పారుతుంది. సోమవారం వస్తానన్నారు కదా, తప్పకుండా వెళ్ళండి. చెప్పిన రోజుకి తిరిగి వచ్చినవాడిని ఓనర్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇంటి కష్టం చెప్పుకోవాలా? మొదటిసారి వద్దు. పిల్లలున్నారు, డబ్బు అర్జంటు అని ముందే తెలిస్తే కూలి తగ్గించి అడిగేవాళ్ళూ ఉంటారు. పని కుదిరి నమ్మకం వచ్చాక చెప్పుకోవచ్చు.

ఎవరెవర్ని అడిగారో, ఏమన్నారో, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. పదిచోట్ల కాదన్నారని టెన్షన్ పడేవాళ్ళు ఆ పేజీ చూస్తే, అందులో మళ్ళీ రమ్మన్నవాళ్ళు కూడా కనిపిస్తారు.

## 6. ఒప్పుకునే ముందు చేతికి ఎంత మిగులుతుందో లెక్క

హైదరాబాద్‌లో 18,000 అంటే పెద్దగా వినిపిస్తుంది. రాయగడలో 11,500 చిన్నగా అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి.

హైదరాబాద్: 18,000లో రూము వంతు 2,500, తిండి 4,500, బస్సు, ఫోను 1,000, రెండు నెలలకోసారి ఇంటికి వచ్చిపోయే ఖర్చు నెలకి 1,000. మిగిలేది 9,000.

రాయగడ: 11,500లో రానుపోను 1,200, మధ్యాహ్నం తిండి 800. మిగిలేది 9,500. పైగా బిడ్డకి జ్వరం వస్తే రాత్రికి ఇంట్లో ఉంటారు.

దూరం వెళ్ళొద్దని కాదు. వెల్డింగ్, ఏసీ మెకానిక్ లాంటి పని అక్కడ నేర్చుకోగలిగితే, ఏడాది తర్వాత జీతం పెరిగే దారి ఉంటే, వెళ్ళడంలో అర్థం ఉంది. అదే గిన్నెలు కడిగే పని అక్కడా ఇక్కడా ఒకటే అయితే ఊళ్ళోనే ఉండండి.

అడగాల్సినవి

- రోజు కూలా, నెల జీతమా? ఆదివారం డబ్బు ఉందా?
- ఎన్ని గంటలు? రోజుకి 8 గంటలు దాటితే ఓవర్‌టైం ఇస్తారా? చట్టం ప్రకారం అది రెట్టింపు.
- జీతం ఏ తేదీన, చేతికా, బ్యాంకుకా?
- పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా?
- తిండి, గది వాళ్ళవా, కోత పెడతారా?
- హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ ఎవరిస్తారు?
- ముందు చేసినవాడు ఎందుకు మానేశాడు?

ఆఖరి ప్రశ్న ఓనర్ని కాదు, పక్క కొట్టువాడిని అడగండి.

ఈఎస్ఐ విలువ చాలామందికి తెలియదు. పది మంది గాని అంతకంటే ఎక్కువ గాని పనిచేసే చోట, నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది. మీ జీతంలో కోసేది నూటికి ముప్పావలా, అంటే 0.75 శాతం. యజమాని 3.25 శాతం కడతాడు. వైద్యం మీకే కాదు, భార్యాబిడ్డలకీ వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటికి ఐదు వందలు తక్కువైనా ఈఎస్ఐ ఉన్న పనే మేలు. పీఎఫ్ 20 మంది గాని అంతకంటే ఎక్కువ గాని ఉన్న చోట. మీది 12 శాతం, వాళ్ళది 12 శాతం.

## 7. అడ్వాన్సు తీసుకోవాల్సి వస్తే

దాదన్ పని, అంటే ముందే డబ్బిచ్చి దూరం తీసుకుపోయే పని, మన జిల్లాలకి కొత్త కాదు. ఇటుక బట్టీలు, సూరత్ మగ్గాలు, మిర్చి కోతలు, రొయ్యల చెరువులు. కొందరు క్షేమంగా వెళ్ళి డబ్బుతో వస్తున్నారు, అది అబద్ధం కాదు. కానీ అడ్వాన్సు తీసుకున్న క్షణం నుంచి పని మానేసే స్వేచ్ఛ పోతుంది. అసలు ప్రమాదం అదే.

తీసుకోక తప్పకపోతే:

1. రెండు నెలల్లో తీర్చగలిగినంతే తీసుకోండి. 30,000 తీసుకుని నెలకి 3,000 కోయించుకుంటే పది నెలలు కట్టుబడి ఉండాలి.
2. ఎంత ఇచ్చారు, నెలకి ఎంత కోస్తారు, కూలి ఎంత, అన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. రాయనంటే కనీసం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ అయినా తెప్పించుకోండి.
3. పని చేసే చోటి పూర్తి చిరునామా, ఓనర్ పేరు, సర్దార్ ఇల్లు ఇంట్లో రాసిపెట్టి వెళ్ళండి.
4. ఆధార్ ఒరిజినల్, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.
5. చంటిబిడ్డని బట్టీకి తీసుకెళ్ళొద్దు. టీకాలు, అంగన్‌వాడీ రెండూ తెగిపోతాయి.

అప్పు ఉందని మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడం నేరం. 1976 నుంచే వెట్టిచాకిరీ నిషేధ చట్టం ఉంది. అలాంటి చోట చిక్కుకుంటే 112కి ఫోన్ చేయండి. ఇంటివాళ్ళు ఇక్కడ కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వాలి.

## 8. మొదటి నెల

కుదిరిన రోజే నియామక పత్రం అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు దాన్ని తప్పనిసరి చేశాయి. చిన్న కొట్లలో ఇవ్వరు, నిజమే. అప్పుడు మీ ఫోన్ నుంచి ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఈరోజు నుంచి నెలకి ఇంత జీతానికి పనిలో చేరాను." అదే మీ రుజువు.

హాజరు రోజూ రాసుకోండి. సైటు దగ్గర వారానికోసారి ఫొటో తీసుకోండి.

మొదటి జీతం వచ్చాక డబ్బు వెళ్ళాల్సిన వరుస: అద్దె, పిల్లల పాలు మందులు, పనికి వెళ్ళొచ్చే ఛార్జీలు, వాయిదాలు, ఆ తర్వాతే మిగతావి. ఛార్జీలు ముందే తీసి పక్కన పెట్టకపోతే నెలాఖరులో నాగా పడుతుంది, ఆ నాగాతో పని పోతుంది. పండక్కి బట్టలు కొనొద్దని ఎవరికీ చెప్పలేను, కానీ ఛార్జీల డబ్బు ముట్టుకోవద్దు.

## 9. పని చేస్తూనే అర్హత పెంచుకోవడం

కుదురుకున్నాక ఆరో నెలలో దీన్ని మొదలుపెట్టండి.

పది పాసవ్వడం. జాతీయ సార్వత్రిక విద్యాలయం, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా ఇంటి దగ్గరే చదివి రాయొచ్చు. తెలుగు మీడియం ఉంది. ఐదు సబ్జెక్టులు, ఐదేళ్ళ గడువు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒక్కో విడతలో ఒకటి రెండు సబ్జెక్టులే రాసుకుంటూ పోవచ్చు. కూలి పని చేసేవాడికి ఇదే వీలు. డబ్బుకి సర్టిఫికెట్ అమ్మేవాళ్ళ జోలికి పోవద్దు, పరిశీలనలో బయటపడితే కేసవుతుంది.

ఆర్‌సెటి. జిల్లా లీడ్ బ్యాంకు నడిపే శిక్షణ కేంద్రం. మొబైల్ రిపేరు, టూవీలర్ మెకానిక్, వైరింగ్, కుట్టుపని లాంటివి కొన్ని వారాల్లో నేర్పుతారు. శిక్షణ, వసతి, భోజనం ఉచితం. ఆ కొన్ని వారాలు కూలి పోతుంది కాబట్టి ఇంట్లో సరుకులు వేసి వెళ్ళండి.

ఐటీఐ. వెల్డర్, ప్లంబర్, కార్పెంటర్, వైర్‌మన్ ట్రేడులకి ఎనిమిదో తరగతి చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌కి పది కావాలి. బరంపురం ప్రభుత్వ ఐటీఐకి మంచి పేరుంది. పగలంతా క్లాసులుంటాయి కాబట్టి సంసారం మోసేవాడికి కష్టమే. ఇంట్లో పెళ్ళికాని తమ్ముడో మరదలో ఉంటే వాళ్ళని చేర్పించండి, ఆ సంపాదన ఇంటికి తోడవుతుంది.

చేతిపని వచ్చినవాళ్ళకి పీఎం విశ్వకర్మ ఉంది. తాపీ, వడ్రంగం, దర్జీ, మంగలి, కుమ్మరి, చాకలి ఇలా 18 వృత్తులు. శిక్షణలో రోజుకి 500, పనిముట్లకి 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి అప్పు లక్ష దాకా. ఇంటికి ఒక్కరికే. కొత్త నమోదు తీసుకుంటున్నారో లేదో సేవా కేంద్రంలో ముందు అడిగి, ఆ తర్వాతే పని మానుకుని వెళ్ళండి.

## 10. ఆమె సంపాదన

బిడ్డకి ఏడాది దాటాక ఇంటి ఇల్లాలు కూడా సంపాదించాలనుకుంటే, ఇద్దరి పని వేళలు పక్కపక్కన రాసి చూడండి. బిడ్డని ఎవరు చూస్తారన్నది తేలకుండా కుదిరిన పని నెల తిరక్కుండానే ఆగిపోతుంది. అత్తగారో అమ్మో ఉంటే సరే. లేకపోతే అతనిది రాత్రి డ్యూటీ, ఆమెది పగలు అన్న పద్ధతి కొంతకాలం నడుస్తుంది గాని ఇద్దరికీ నిద్ర ఉండదు. అలా ఎక్కువ నెలలు లాగొద్దు.

ఇంటి దగ్గరి పనుల్లో కుట్టుపని, అప్పడాలు, పచ్చళ్ళు, పొద్దున్న టిఫిన్. బరంపురం అప్పడాలకి పచ్చళ్ళకి ఎప్పటి నుంచో పేరుంది కాబట్టి కొనేవాళ్ళున్నారు, పోటీ కూడా ఉంది. మొదట మిషను కొనొద్దు. పెద్ద తయారీదారు దగ్గర కూలికి చేసి, ఏది అమ్ముడుపోతుందో చూసి అప్పుడు సొంతంగా పెట్టండి. పట్టణంలో తోపుడుబండి పెట్టేవాళ్ళకి స్వనిధి అప్పు మొదటి విడత 15,000. స్వయం సహాయక సంఘంలో చేరితే సాహుకారు వడ్డీ తప్పుతుంది.

## 11. వచ్చే చిక్కులు, చేయాల్సినవి

"పోర్టులో, రైల్వేలో ఉద్యోగం, రెండు లక్షలు కట్టండి" అంటున్నారు. మోసం. పొలం, నగలు అమ్మి కట్టినవాళ్ళున్నారు. కట్టేసి ఉంటే వెంటనే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, ఆన్‌లైన్‌లో పంపి ఉంటే సైబర్ మోసాల నంబరు 1930కి కూడా ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత.

సెక్యూరిటీ ఏజెన్సీ యూనిఫాంకని డిపాజిట్ అడుగుతోంది. రసీదు లేకుండా ఇవ్వొద్దు. ఎప్పుడు తిరిగిస్తారో రాసి ఇమ్మనండి.

జెరాక్సులు ఇవ్వాలంటే భయం. కాగితం మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి తేదీ వేసి ఇవ్వండి.

పని మారాను, పాత పీఎఫ్ తీసేయనా? కొత్తచోట అదే యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు) నంబరు ఇచ్చి బదిలీ చేయించండి. తీసేస్తే చిన్న మొత్తం, ఉంచితే పింఛను సర్వీసు కలుస్తుంది.

పనిలో దెబ్బ తగిలింది. ఆ రోజే ఆస్పత్రి చీటీ మీద "పనిలో జరిగిన గాయం" అని రాయించండి. ఇంట్లో జారిపడ్డానని చెప్పమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఆ ఒక్క మాటతో పరిహారం పోతుంది.

జీతం ఇవ్వడం లేదు. రెండో నెలా ఇవ్వకపోతే మూడో నెల పని చేస్తూ కూర్చోవద్దు. బాకీ పెరిగినకొద్దీ వదిలి రాలేరు. హాజరు నోట్‌బుక్, మెసేజ్‌లు, ఫొటోలు పట్టుకుని, పని ఎక్కడ జరిగిందో ఆ జిల్లా కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పని శ్రీకాకుళం జిల్లాలో జరిగితే ఫిర్యాదు అక్కడే, మీ ఇల్లు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్నా సరే. వకీలుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఆడవాళ్ళకీ, ఎస్సీ, ఎస్టీలకీ, కార్మికులకీ 1987 చట్టం ఆ హక్కు ఇచ్చింది. నంబరు 15100. ఫిర్యాదు నడుస్తున్నా ఇంకో పనిలో చేరొచ్చు, దానికి అడ్డేమీ లేదు.